పూర్ణచంద్రరావు బనీను

క్యాజువాలిటీలో డాక్టరు మొదట చెయ్యవలసింది వైద్యం కాదు, మంచం చుట్టూ మూగిన చుట్టాలను బయటికి తోలడం. వేములదిన్నె ఏరియా ఆసుపత్రిలో చేరిన నాటినుంచి వకుళ ఆ పని చేస్తూనే ఉంది, ఇంతవరకూ ఒక్కనాడూ పూర్తిగా నెగ్గలేదు. ముందు తలుపులోంచి పంపితే వెనక తలుపులోంచి వస్తారు. వచ్చినవాళ్ళు ఊరుకోరు, తలా ఒక రోగం చెబుతారు.

ఆ మధ్యాహ్నం మంచం మీదున్నవాడు పొగాకు బేళ్ళు దించుతూ లారీ మీదినుంచి పడ్డాడు. కుడి ముంజేయి వాచిపోయింది. ఆ వాపు కూడా కనబడకుండా ఎవరో వేడి చింతపండు పట్టు మందంగా వేసి, పైన పాత చీరపేలిక చుట్టి తెచ్చారు.

“బెణికిందంతే డాక్టరమ్మా, సూదేసి పంపండి. వేలం టయానికి పోవాల,” అన్నాడు బావమరిది.

“బెణకటమేందిరా? టప్పుమన్న సప్పుడు నేను ఇన్నాగా!” అంది తల్లి.

“ముందు ఆ పట్టు ఎవరేశారో చెప్పండి,” అంది వకుళ.

అంతవరకూ గలగలలాడిన నోళ్ళన్నీ ఆ ఒక్క మాటకు మూతపడ్డాయి. ఎస్తేరు సిస్టరు గొణుక్కుంటూ తడిగుడ్డ తెచ్చి చింతపండు తుడవసాగింది. పట్టు వేసిన మహానుభావుడు ఆ గుంపులోనే ఎక్కడో అమాయకంగా నిలబడి ఉంటాడని వకుళకు తెలుసు. అడిగి లాభం లేదనీ తెలుసు.

ఎక్స్‌రే తీయిద్దామంటే ఆ గది ఎక్కడో వెనక పాత బ్లాకులో ఉంది. కరెంటు ఉంటే టెక్నీషియన్ ఏడుకొండలు ఉండడు, ఏడుకొండలు ఉంటే కరెంటు ఉండదు. ఇద్దరూ కలిసి ఉన్న గడియ చూసుకుని మనుషులు ఎముకలు విరగ్గొట్టుకోరు కదా. అందుకే వకుళ బల్లమీది నుంచి సబ్బుబిళ్ళంత పరికరం తీసింది. దాని తీగ ఆమె తెల్లకోటు కిందికి పోయి, ఆమె తొడుక్కున్న నల్లటి బనీనుకు అతుక్కుని ఉంది. పేరుకి బనీనే గాని, మెడనుంచి మడమల దాకా ఒకటే ముక్క. లోపలి వైపంతా ఆవగింజల్లాంటి చుక్కలు. మే నెల ఎండలో ఆ రబ్బరు గుడ్డ లోపల మనిషి ఎలా ఉడికిపోతుందో దాన్ని తయారుచేసినవాడికి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు.

చల్లటి జిగురు పూసి, సబ్బుబిళ్ళను అతని ముంజేతి మీద ఆనించి మెల్లగా జరిపింది. లోపలికి పోయిన శబ్దం ఎముకకు తగిలి తిరిగొచ్చింది. ఆ శబ్దం మన చెవికి అందేది కాదు. వకుళ కుడి ముంజేతి మీద, సరిగ్గా అదే చోట, చుక్కలు కదిలాయి. తన చేతి లోపల వేరే ఎముక ఒకటి పరుచుకున్నట్టు అనిపించింది. నున్నగా పోతున్నది పోతున్నట్టే ఉండి, ఒకచోట మెట్టు దిగింది.

“రెండెముకల్లో ఒకటి విరిగింది. మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన. రెండోది బాగుంది. కట్టు కట్టి, ఏడుకొండలు దొరికాక ఫిలిం తీయించు సిస్టర్,” అంది.

తల్లి చేతులు జోడించింది. “ఒంట్లోకి దూరి చూసినట్టు చెప్పావమ్మా!”

దూరడం కాదు, దూర్చుకోవడం అని వకుళ మనసులో అనుకుంది. మందుచీటీ రాయబోతే పెన్ను జారి కింద పడింది. మెట్టు దిగిన ఎముక ఇంకా ఆమె చేతిలోనే ఉంది. సబ్బుబిళ్ళ తీసేసినా అది పోలేదు. ఎస్తేరు పెన్ను తీసిచ్చి ఆమె చేతికేసి చూసింది. ఆ చూపు వకుళకు నచ్చలేదు.

*

బనీను అంటే పూర్ణచంద్రరావుకు కోపం. దాని పేరు అనునాదం. మేడమీది గదిలో అన్నం నీళ్ళు మరిచి నాలుగేళ్ళు కష్టపడి కనిపెట్టిన వస్తువును పెళ్ళాం బనీను అంటే ఏ మొగుడికైనా మండుతుంది. కాని దాన్ని తొడుక్కునేది వకుళ. ఏమని పిలవాలో తొడుక్కున్నవాళ్ళకే తెలుస్తుందని ఆమె వాదన.

అతను వకుళకు సొంత మేనత్త కొడుకు. చిన్నప్పటినుంచీ అంతే, ఒక ఆలోచన పట్టిందంటే దాన్ని వదలడు, ఎదుటివాళ్ళను వదలనివ్వడు. ఒకనాడు క్యాజువాలిటీకి క్యారేజీ తెచ్చి, ఒక కొత్త డాక్టరు అల్ట్రాసౌండ్ తెరమీద బూడిదరంగు మరకల్లో విరుపు వెతుక్కోలేక చెమటలు కక్కడం చూశాడు. పక్కన పిల్లవాడు కెవ్వుమని ఏడుస్తున్నాడు. ఇంటికొచ్చి అన్నాడు: “బొమ్మ చదవడానికి చదువు కావాలి వకుళా. ఒంటికి చదువు అక్కర్లేదు. రోగి ఎముకను డాక్టరు ఒంటిమీద పరిచేస్తే? నీ ఎముక ఎలా ఉంటుందో నీకు తెలుసు. దాంతో పోల్చుకో, తేడా ఉంటే విరిగింది, లేకపోతే లేదు. అంతే!”

అంతే అన్నాడు గాని, అంతటితో ఆగలేదు. వేరే డాక్టర్లు ఇద్దరు తొడుక్కుని చూశారు. ఒకాయన వారానికే ఒళ్ళు గగుర్పొడుస్తోందని విప్పేశాడు. రెండో ఆయన బదిలీ చేయించుకున్నాడు. మిగిలింది కట్టుకున్న పెళ్ళాం.

ఆ సాయంత్రం అన్నం ముద్ద కుడిచేత్తో పైకి లేవక, వకుళ చెంచా తెచ్చుకుంది.

“ఏందే అది? మళ్ళీ ఎవరిది?” అంది సామ్రాజ్యమ్మ.

సామ్రాజ్యమ్మ మేనత్త, ఆపైన అత్తగారు. బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా రిటైరయింది. డెబ్భై దాటినా తెల్లారేసరికి మెళ్ళో ఈలతో స్కూలు గ్రౌండుకు పోయి, ఊళ్ళో ఆడవాళ్ళను వరసలో నిలబెట్టి చేతులూ కాళ్ళూ ఊపిస్తుంది. పడిన పిల్లను లేపడానికి ఆమె ఏనాడూ చెయ్యివ్వలేదు. “ఏం కాలేదు, లే, పరిగెత్తు!” అని అరిచేది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు ఆ అరుపుకు లేచి పరిగెత్తినవాళ్ళే.

“పొగాకు కూలీది,” అంది వకుళ.

“వాడిది ఇరిగితే వాడు కట్టు కట్టించుకుని పోయాడు. నువ్వు ఎడంచేత్తో తింటున్నావు. ఏరా పూర్ణా, ఊళ్ళో ఎవడి చెయ్యి ఇరిగినా నా కోడలు ఎందుకురా అవిటిది కావాలి?”

“అమ్మా, అది నొప్పి కాదు. జాడ. నీళ్ళమీద అల పోయాక కాసేపు ఊగదూ, అలాగ. తగ్గిపోతుంది.”

“నువ్వు తొడుక్కుని చూడు, తగ్గుతుందో లేదో.”

“నేను డాక్టర్ని కాదుగదమ్మా!”

ఈ మాట అతను ఎన్నిసార్లు అన్నాడో, అన్నిసార్లూ వకుళకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాని ఏం చేస్తుంది? మొన్న ఒక కడుపుతో ఉన్న పిల్ల పక్కటెముక నొప్పితో వచ్చింది. ఎక్స్‌రే లేకుండా, భయం లేకుండా, క్షణంలో చెప్పగలిగింది. ఆ ముందు చంటివాడి మోచెయ్యి. బనీను మంచిది. దాన్ని విప్పి అవతల పారేయడానికి చెయ్యి రాదు, వేసుకుని ఉండడానికి ఒళ్ళు రాదు.

“అనునాదాన్ని పరీక్షించే కమిటీవాళ్ళు వర్షాకాలంలో వస్తారట,” అన్నాడు పూర్ణ. వాళ్ళు ఒప్పుకుంటే అనునాదం దేశంలోని ప్రతి చిన్న ఆసుపత్రికీ వెళ్తుంది. “ఈ జాడల సంగతి అప్పటిదాకా ఎవరితోనూ అనకు వకుళా. అవన్నీ తర్వాత సరిచేస్తాను. నువ్వు విరిగిందన్నది ప్రతిదీ విరిగే ఉంది. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు!”

అది నిజమే. మొదట్లో అందరికీ ఎక్స్‌రే తీసి సరిచూశారు. తర్వాత్తర్వాత ఆమె విరిగిందన్నవాళ్ళకే తీస్తున్నారు. లేదన్నవాళ్ళకు అనవసరంగా ఎందుకని అందరూ అనుకున్నారు. వకుళ కూడా అనుకుంది.

సామ్రాజ్యమ్మ లేచి నువ్వులనూనె వెచ్చచేసి తెచ్చింది. విరగని చేతిని ఒళ్ళో పెట్టుకుని, తిట్టుకుంటూనే చాలాసేపు రాసింది.

*

వర్షాలు మొదలయ్యేసరికి వకుళ నడక మారిపోయింది. కుడి భుజం పైకి లేవదు, ఎడమ మణికట్టు తిరగదు. ఎడమ పాదం ఒకవైపే ఆనుతుంది. జుట్టు ముడేసుకోవడానికి అత్త సాయం కావాలి. తన చేతికీ భుజానికీ తనే ఎక్స్‌రే తీయించుకుంది. ఏడుకొండలు ఫిలిం వెలుతురుకు పట్టి చూపించాడు.

“శుభ్రంగా ఉండాయి మేడం. ఇట్టాంటి ఎముకలు మా ఇంటోళ్ళకి ఒక్కరికీ లేవు.”

“మరి భుజం ఎందుకు లేవట్లేదయ్యా?”

“నన్నడిగితే ఏం చెప్తా? నేను ఫోటోలు తీసేవాణ్ణి,” అన్నాడు.

ఆ మాట మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. అది నిజం కాబట్టి.

శ్రావణంలో ఊరి బయట వంతెన దగ్గర బస్సు బోల్తాపడింది. పెళ్ళివారి బస్సు. క్యాజువాలిటీ వరండా దాకా మనుషుల్ని పడుకోబెట్టారు. పట్టుచీరలు, బురద, ఏడుపులు. వకుళ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి సబ్బుబిళ్ళ పట్టుకుని తిరిగింది. సీట్ల మధ్య ఇరుక్కున్న వాళ్ళకు ఎక్కువగా ఎడమ తుంటి దగ్గరే విరిగింది. ఒకరి తర్వాత ఒకరు, అందరి తుంట్లూ ఆమె ఎడమ తుంటిలో వచ్చి కూర్చున్నాయి. చివరికి గోడ పట్టుకుని నిలబడి ఎవరికి ఏది విరిగిందో చెబుతుంటే ఎస్తేరు రాసుకుంది. ఆ రోజు ఆమె చెప్పిన విరుపులన్నీ సరైనవే. పేపర్లో ఫోటో పడింది. పూర్ణ దాన్ని కత్తిరించి మేడమీద అంటించాడు.

తుంటి మాత్రం వారాలపాటు ఆమెను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. నడుస్తుంటే లోపల ఏదో పక్కకు తొలగి ఉన్నట్టే ఉండేది. ఇల్లు, ఆసుపత్రి, మొగుడు, బనీను, అన్నిటిమీదా విసుగే. ఒకపూట పూర్ణ మీద మంచినీళ్ళ గ్లాసు విసిరికొట్టింది కూడా. స్టీలుది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ తర్వాత ఒకరోజు ఆ బాధ లేదు. భుజంలో లేదు, మణికట్టులో లేదు, పాదంలో లేదు, తుంటిలో లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. వకుళ మంచం దిగి నడిచి చూసుకుంది. కుంటుతూనే ఉంది గాని, ఏమీ అనిపించడం లేదు.

“చూశావా? నేను చెప్పలా, తగ్గుతుందని!” అని పూర్ణ ఎగిరి గంతేశాడు.

“కుంటుతోంది గదరా,” అంది సామ్రాజ్యమ్మ.

“అలవాటు పోవాలిగా అమ్మా, నిదానంగా పోతుంది.”

వకుళకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ పూట ఎవరినీ కసరకుండా డ్యూటీ చేసింది. ఎస్తేరు అనుమానంగా చూసి, “జ్వరం గానీ వచ్చిందా మేడం?” అని అడిగింది.

*

కమిటీ వచ్చే వారంలో సామ్రాజ్యమ్మ పెరట్లో బట్టలు ఉతికే బండ దగ్గర జారిపడింది. అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చిన వకుళ ఆ చప్పుడు విని బనీనుతోనే పరిగెత్తింది. సబ్బుబిళ్ళ సంచిలోనే ఉంది.

“ఏం కాలేదు, గోల చెయ్యబాకండి,” అంది సామ్రాజ్యమ్మ, బండకు ఆనుకుని కూర్చుని. మొహం పాలిపోయి ఉంది.

“నువ్వు ఊరుకో అత్తా, కదలకు.”

జిగురు పూసి ఎడమ తుంటి మీద సబ్బుబిళ్ళ ఆనించింది. కిందికీ పైకీ జరిపింది. తన తుంటిలో అత్త తుంటి పరుచుకుంది. పోల్చి చూసుకుంది. రెండూ ఒకేలా ఉన్నాయి. మెట్టు లేదు, సందు లేదు. ఇంకోసారి చూసింది. అచ్చం తనదిలాగే ఉంది. గుండెల మీది బరువు దిగిపోయింది.

“ఏం లేదత్తా! కండ నలిగిందంతే. నా తుంటి ఎలా ఉందో నీదీ అలాగే ఉంది.”

“నేను చెప్పలా,” అంది సామ్రాజ్యమ్మ. లేచి నిలబడి, పెదవి కొరుక్కుని, ఇంట్లోకి నడిచింది.

మర్నాడు ఆమె గోడ పట్టుకుని నడుస్తుంటే వకుళ చూసింది. ఇల్లంతా కమిటీ హడావుడి. పూర్ణ మేడమీది నుంచి తీగలు దించుతున్నాడు, కిందికీ పైకీ తిరుగుతూ ప్రాణాలు తోడేస్తున్నాడు. “ఏం లేదన్నాగా అత్తా. అలా పట్టుకు నడిస్తే బిగుసుకుపోతుంది. మామూలుగా నడువు,” అని వకుళ కసిరింది. కసిరినట్టు తనకు తెలుసు. ఊళ్ళో వాళ్ళందరితో నోరు నొప్పిపుట్టేలా అరిచి వచ్చాక ఇంట్లో మంచిమాట ఎక్కడినుంచి వస్తుంది?

సామ్రాజ్యమ్మ గోడ వదిలేసింది. తెల్లారి ఈల మెళ్ళో వేసుకుని గ్రౌండుకు పోయింది.

ఆ పొద్దున్నే కమిటీవాళ్ళు నలుగురు దిగారు. క్యాజువాలిటీలో కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. సూపరింటెండెంటు ఇస్త్రీ కోటు వేసుకొచ్చాడు. ఏడుకొండలు సహా అందరూ వేళకు హాజరు, కరెంటుతో సహా. పూర్ణ తెరమీద బొమ్మలు చూపిస్తూ, “ఇప్పటివరకూ విరిగిందని చెప్పిన ఏ ఒక్క కేసులోనూ…” అంటుండగా గేటు దగ్గర ఆటో ఆగింది. స్కూలు గ్రౌండు ఆడవాళ్ళు గుంపుగా దిగారు. నలుగురు పట్టుకుని సామ్రాజ్యమ్మను లోపలికి మోసుకొచ్చారు.

“చేతులు పైకెత్తమని తను ఎత్తింది డాక్టరమ్మా, అట్టాగే కూలబడింది. ఎవురూ తగల్లా, జారలా,” అంది ఒకామె ఏడుస్తూ.

మంచం మీద సామ్రాజ్యమ్మ ఎడమకాలు కుడికాలికన్నా పొట్టిగా ఉంది. పాదం పూర్తిగా బయటికి తిరిగి పక్కకు పడి ఉంది. వైద్యం చదవనక్కరలేదు, వాకిట్లో నిలబడినవాడికి కూడా తెలుస్తుంది అది విరిగిందని.

వకుళ చేతులు వాటంతటవే సబ్బుబిళ్ళ తీశాయి. తుంటి మీద ఆనించింది. కమిటీవాళ్ళు కుర్చీల్లోంచి లేచి చూస్తున్నారు. బనీను కదిలింది. అత్త ఎముక ఆమె ఎముక మీద పరుచుకుంది.

ఏ తేడా లేదు.

కళ్ళెదురుగా వంకర తిరిగిన కాలు. ఒంట్లో, అంతా సరిగ్గా ఉందన్న హాయి. వకుళ సబ్బుబిళ్ళను ఇంకా గట్టిగా నొక్కింది. సామ్రాజ్యమ్మ కేక పెట్టింది. ఆ కేకకు వకుళ చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడు అర్థమైంది. అత్త ఎముకకూ తన ఎముకకూ తేడా లేదు. నిజమే, లేదు. పెళ్ళిబస్సు నాటినుంచి తన ఒంటి లెక్కలో తన తుంటి విరిగే ఉంది. బాధ తగ్గలేదు. ఒళ్ళు దానితో సర్దుకుపోయి, అదే మామూలు అనుకుంది.

“ఎక్స్‌రే,” అంది. “ఏడుకొండలూ, తొందరగా.”

*

ఒంగోల్లో ఆపరేషను చేశారు. తుంటిలో లోహపు గుండు పెట్టారు. నడుస్తుందిగాని కర్ర ఉండాలన్నారు. గ్రౌండుకు వెళ్ళి ఎగరడం ఇక కుదరదన్నారు. మొదట్లోనే, ఎముక పగిలి ఇంకా చోటు తప్పనప్పుడు వచ్చుంటే, రెండు మేకులతో అయిపోయేదని కూడా ఆ డాక్టరు అన్నాడు. వకుళ కూడా డాక్టరేనని తెలిసి, చెప్పకూడని మాట చెప్పినట్టు నాలిక్కరుచుకున్నాడు. వకుళకు అది ముందే తెలుసు.

మంచం పక్కన కూర్చుని, రెండు రోజులు ఆపుకున్న కోపమంతా అత్త మీదే వెళ్ళగక్కింది. “నొప్పెడుతోందని ఒక్క మాట అనచ్చుగా! అంత నొప్పితో ఎలా నడిచావు? గ్రౌండుకు ఎలా పోయావు? నోరులేదా నీకు?”

సామ్రాజ్యమ్మ దిండు మీద తల ఇటు తిప్పింది.

“నువ్వు ఏం లేదన్నావు గదే.”

“అంటే?”

“నీ ఒంట్లోకి తెచ్చుకుని చూశావు. ఏం లేదన్నావు. ఇక నాకు నొప్పెడతా ఉందంటే, నా ఒళ్ళు ముసలిదై అబద్ధాలు చెప్తోందేమో అనుకున్నా.” మళ్ళీ అంది, “నువ్వు నన్నేం అడగలా అమ్మాయ్. ఎట్టా పడ్డావు, ఎక్కడ నొప్పి, ఏమీ అడగలా. నీకే తెలుసనుకున్నా.”

వకుళ దుఃఖం ఆపుకోలేకపోయింది. అందరూ చూస్తుండగా ఆ మంచం మీద తల పెట్టి ఏడ్చింది. సామ్రాజ్యమ్మ ఆమె జుట్టు సరిచేసి, “సరేలే, ఆగు, జనం చూస్తున్నారు,” అంది.

పూర్ణ వరండాలో ఉన్నాడు. కొడుకుగా కుమిలిపోతున్నాడు, కనిపెట్టినవాడిగా ఇంకా పట్టు వదల్లేదు. “ఒక్క పొరపాటు వకుళా. అమ్మ విషయంలోనే జరగడం మన ఖర్మ. తొడుక్కునే మనిషిని మారుస్తుండాలి. నెలకొకరు. అది రాసి కమిటీకి పంపితే…”

“ఒక్కటని నీకెవరు చెప్పారు బావా?”

అతనికి అర్థం కాలేదు.

“విరిగిందన్నవాళ్ళకు ఎక్స్‌రే తీశాం. లేదన్నవాళ్ళకు తీశామా? నీ లెక్కలో తప్పు లేకపోవడంలో వింతేముంది, తప్పులన్నీ ఇంటికి పంపించేశాం. పెళ్ళిబస్సు తర్వాత నేను ఎంతమందికి ఏం లేదని చెప్పానో నీకు తెలుసా? అత్త ఇంట్లో ఉంది కాబట్టి బయటపడింది. మిగతావాళ్ళు నా మాట నమ్మి నొప్పితో పొలాలకు పోతున్నారు, వంటలు చేస్తున్నారు.”

పూర్ణ వరండా గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. వకుళకు జాలి కలిగింది, కాని కోపమే ఎక్కువగా ఉంది. అతని మీద, తన మీద, హాయిగా ఉందని మురిసిపోయిన ఆ ఒక్క ఉదయం మీద.

*

సూపరింటెండెంటు ససేమిరా అన్నాడు. “ఊరంతా చాటుకుంటారా మేడం? ఆసుపత్రి పరువేం కావాలి? వాళ్ళకు బాధగా ఉంటే వాళ్ళే వస్తారుగా.”

“రారు సార్. నేను ఏం లేదన్నాను కాబట్టి రారు.”

ఆయనతో వాదించి తల ప్రాణం తోకకొచ్చాక, వకుళ ఆయన్ని అడగడం మానేసి మైకు ఆటోవాణ్ణి పిలిపించింది. సినిమాలకూ ఎలక్షన్లకూ చాటింపు వేసే ఆటో. మాటలు ఆమే చెప్పి రికార్డు చేయించింది. నేను ఆసుపత్రి డాక్టర్ వకుళని. వానలు మొదలయ్యాక దెబ్బ తగిలి క్యాజువాలిటీకి వచ్చినవాళ్ళలో ఎవరికైతే నేను ఎముక విరగలేదని చెప్పానో, వాళ్ళు మళ్ళీ రండి. నేను పొరపాటు చెప్పి ఉండవచ్చు. అంతే మాటలు. ఆటోవాడు వెనకాల ఒక సినిమా పాట పెడతానన్నాడు. వద్దని కసిరింది. అయినా రెండు వీధుల్లో పెట్టాడట.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి ముందు జాతర. పదేళ్ళ మోకాలి నొప్పులు, పంటి పోట్లు, ఎప్పుడూ ఈ ఆసుపత్రి గడప తొక్కనివాళ్ళు, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళు. “డాక్టరమ్మే తప్పు చేశానని చెప్పుకుంటా ఉందంట,” అని ఒకడు ఇంకొకడికి చెబుతున్నాడు. ఎస్తేరు గొంతు చించుకుంటోంది. పూర్ణ పిలవకుండానే వచ్చి, గేటు దగ్గర నిలబడి, దెబ్బ తగిలినవాళ్ళను ఒక పక్కకు నిలబెడుతున్నాడు. ఎవరితోనూ ఏమీ వాదించడం లేదు. ఏడుకొండలు టీకి పోలేదు. కరెంటు మాత్రం ఒకసారి పోయి వచ్చింది.

వకుళ బనీను వేసుకోలేదు. చాలా రోజులకు ఒంటికి గాలి తగులుతోంది. కుంటుకుంటూ వెళ్ళి మొదటి కుర్చీలో ఉన్న ఆమె ముందు కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి, మిషను కుట్టే మనిషి. పేరు చంద్రలీల. ఎడమచేతిని కొంగులో దాచుకుని ఉంది. ఆ చేతిని బయటికి తీసి బల్లమీద పెట్టింది. మణికట్టు పక్కకు వంగి అతుక్కుపోయి ఉంది.

ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. తన చేతిలో ఏ కదలికా లేదు, ఏ కబురూ రాలేదు. చర్మం వెచ్చగా ఉంది, అంతే.

“ఎక్కడ నొప్పి?” అని అడిగింది.

చంద్రలీల తెల్లబోయి చూసింది. “మీకు తెలవదా అమ్మా?”

“తెలియదమ్మా,” అంది వకుళ. “నువ్వే చెప్పాలి.”